గుజరాతీ గల్లీలో కొన్న పలక

సుందరరామయ్య గొంతు పోయి నాలుగు నెలలైంది. పోవడమంటే జలుబు చేసి బొంగురుపోవడం కాదు. డాక్టర్లు స్వరపేటికనే కోసి తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. ప్రాణం దక్కింది కదా, అదే పదివేలు అన్నారందరూ. ఆయనా ఒక నెలపాటు అలాగే అనుకున్నాడు. ఆ తర్వాతే అసలు కష్టం తెలిసొచ్చింది. ఇంట్లో ఒక్కరూ ఆయనతో పోట్లాడటం లేదు.

చీటీ మీద ఏం రాసినా కూతురు బిందుమాధవి "సరే నాన్నా" అంటుంది. పప్పు ఇలాగేనా వండేది అని రాస్తే "రేపు బాగా చేస్తాను నాన్నా" అంటుంది. ఇదేం బతుకండీ! మనిషన్నాక కాదనేవాడు ఒకడుండాలి. ఆ ఒకడు సుందరరామయ్యకు ఉండేవాడు కూడా. పక్క గల్లీలో ఉండే పురుషోత్తం సేటు.

సేటుకు అఫ్జల్‌గంజ్‌లో తాళ్ల దుకాణం. తాతల కాలం నుంచీ కార్వాన్‌లోనే కాపురం. సుందరరామయ్య గుంటూరు నుంచి ఆడిట్ ఆఫీసు ఉద్యోగానికొచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ముప్ఫయ్యేళ్లుగా రోజూ పొద్దున్నే సేటు ఇంటి అరుగు మీద చేరి, ఆయన తెలుగు పేపర్ గట్టిగా చదవడం, సేటు ప్రతి వార్తకూ అడ్డం తగలడం, ఇద్దరూ గల్లీ అంతా లేచేలా అరుచుకోవడం, ఆఖరికి చాయ్ తాగి ఎవరి దారిన వాళ్లు పోవడం.

ఆపరేషనయ్యాక సేటు మూడుసార్లు వచ్చాడు. మూడోసారి సుందరరామయ్య ఓపిక చేసుకుని "కూర్చో, కాఫీ తాగి వెళ్లు" అని చీటీ రాసిచ్చాడు. సేటు దాన్ని చూసి, "అచ్ఛా, అచ్ఛా. మంచిగ రెస్టు దీస్కో పంతులూ" అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ గడప తొక్కలేదు. పళ్లు మాత్రం పంపిస్తున్నాడు. పళ్లెవడిక్కావాలి! నా మెడలో చిల్లు చూసి జడుసుకున్నాడు, అసహ్యం కూడా వేసుంటుంది అనుకున్నాడు సుందరరామయ్య. ఆ దిగులు మెడలో కోతకంటే ఎక్కువగా సలిపింది.

ఈ చీటీల గోల చూడలేక బిందుమాధవి, చేత్తో రాసే కంప్యూటర్లు వచ్చాయట, ఒకటి కొందామంది. కోఠీలో ఏం కొనాలన్నా బేరానికి సేటు ఉండాల్సిందే. ఆమె స్వయంగా వెళ్లి "బాబాయ్, మీరు రాకపోతే నన్ను నిలువునా ముంచుతారు" అంటే ఆయన కాదనలేకపోయాడు. దారి పొడుగునా ఆటోలో సేటు ముందుసీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక్కి ఒక్కసారి తిరిగితే ఒట్టు.

గుజరాతీ గల్లీలో వైకుంఠం అనే ఆయనది సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల దుకాణం. ముందుగా అరచేతిలో పట్టే మిషనొకటి తీశాడు.

"గీ పుల్లతోని రాయున్రి సార్. రాసింది రాసినట్టు అచ్చక్షరాలైతది."

సుందరరామయ్య తన పేరు రాశాడు. మిషను ఆలోచించి, ఒక ఎనిమిది, రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ప్రశ్నార్థకం చూపించింది.

"తెలుగు రాదు సార్ దీనికి" అని వైకుంఠం నసిగాడు.

రెండోది అట్టలాంటిది. మీద మామూలు కాగితం పెట్టి దాని పెన్నుతో రాస్తే, రాసిందంతా లోపల దాచుకుంటుంది. తర్వాత కంప్యూటర్లో చూసుకోవచ్చు. బిందుమాధవికి తెగ నచ్చింది. "మీరు రాసినవన్నీ భద్రంగా ఉంటాయి నాన్నా!" అంది. మజ్జిగలో ఉప్పు తక్కువైందన్న మాట భద్రంగా దాచి ఏ మ్యూజియంలో పెడతారమ్మా! సుందరరామయ్య తల అడ్డంగా ఊపాడు.

మూడోది పెద్దది. తెర తిప్పి పడుకోబెడితే అచ్చం పలక. ఏ భాషైనా, ఏ గీతైనా దానికొకటే. రాసింది రాసినట్టు నిలుస్తుంది, వద్దంటే చెరిగిపోతుంది. తెర మీద పెన్ను జారుతుంటే సుందరరామయ్యకు నాలుగు నెలల మాటలూ చేతిలోకి వచ్చేశాయి. వెనకాముందూ చూడకుండా, తెర నిండా బెత్తెడేసి అక్షరాలతో రాశాడు. "నన్ను చూస్తే అసహ్యమా సేటూ? రావడం ఎందుకు మానేశావు?"

రాసి, పలకను సేటువైపు తిప్పాడు. బిందుమాధవి చదివి, గబుక్కున సేటు ముఖంలోకి చూసింది.

సేటు అద్దాలు సవరించుకుని తెరను తేరిపార చూశాడు. "మస్తు కనవడ్తుంది పంతులూ. ఇదే దీస్కో" అన్నాడు.

సుందరరామయ్య నిర్ఘాంతపోయాడు. ఇదేం జవాబు! సేటు ముఖంలో వెటకారం లేదు, కోపం లేదు. చెమట మాత్రం పడుతోంది. అప్పుడు తట్టింది ఆయనకు. వెంటనే తెర తుడిచి మళ్లీ రాశాడు. "నీ భుజం మీద తేలుంది."

"అమ్మో!" అని బిందుమాధవి ఎగిరి వెనక్కి దూకింది. వైకుంఠం చీపురందుకున్నాడు.

సేటు మాత్రం చిరునవ్వుతో "హా, బరాబర్ రాసినవ్" అన్నాడు.

ముప్ఫయ్యేళ్లు ఆడిట్‌లో ఊళ్లో వాళ్లందరి లెక్కల్లో లొసుగులు పట్టిన మనిషికి, రోజూ పక్కన కూర్చున్న వాడికి తెలుగు చదవడం రాదన్న సంగతి పట్టుబడలేదు! పెళ్లి శుభలేఖ ఇస్తే అద్దాలు లేవనేవాడు. చేతిలో ఎప్పుడూ ఉర్దూ పేపరే. రుచి అలాంటిది కాబోలనుకున్నాడు సుందరరామయ్య.

"బాబాయ్, మీకు తెలుగు చదవడం రాదా?" అని బిందుమాధవి అడిగేసరికి సేటు స్టూలు మీద కూలబడ్డాడు.

"నిజాం జమాన్ల మాది ఉర్దూ మీడియం బిడ్డా. తెలుగు ఎవడు జెప్పిండు మాకు? మాట్లాడొస్తది, సదువొస్తలేదు. గీ పంతులు సదువుతుంటే ఇంటుంటి. ఆయన గొంతు వోయినంక చీటీలియ్యవట్టె. సదవరాదని ఏ మొకం వెట్టుకోని చెప్పాలె? గందుకే రాలే. పొద్దుగాల అరుగు మీద కూసుంటే ఏడుపొస్తుంది పంతులూ."

సుందరరామయ్య భుజాలు అదరసాగాయి. బిందుమాధవి కంగారుపడి నీళ్లు తెమ్మంది. ఏడుపు కాదు, నవ్వు! చప్పుడు లేని నవ్వు, మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడే నవ్వు. అసహ్యం కాదు, భయం కాదు, వట్టి సిగ్గు! నాలుగు నెలలుగా గుండె మీదున్న బండ దిగిపోయింది. ఆ మిషనే కావాలని వేలితో చూపించాడు. సేటు కళ్లు తుడుచుకుని బేరానికి దిగాడు. వైకుంఠం దండం పెట్టేదాకా వదల్లేదు.

బిల్లు రాసేలోగా సుందరరామయ్య తెర మీద పెద్ద "అ" రాశాడు. పెన్ను సేటు వేళ్ల మధ్య పెట్టి, పిల్లలకు బియ్యంలో దిద్దించినట్టు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. డెబ్భై ఒకటో ఏట అక్షరాభ్యాసం. సేటు చెయ్యి అలవాటుగా కుడివైపు నుంచి మొదలెట్టబోయింది. సుందరరామయ్య ఆ చేతిని లాక్కొచ్చి ఎడమ అంచున పెట్టాడు.

మర్నాడు ఆరున్నరకల్లా ఉర్దూ పేపర్ చంకలో పెట్టుకుని సేటే సుందరరామయ్య ఇంట్లో దిగాడు. "ఇన్నొద్దులు నువ్వు సదివినవ్, నేనిన్న. ఇగ నేన్ సదువుతా, నువ్వు ఇను" అని ఉర్దూ వార్తలు తెలుగులో చెప్పడం మొదలెట్టాడు. ఉన్నది సగం, తన కల్పన సగం. నచ్చనప్పుడల్లా సుందరరామయ్య పలక మీద "తప్పు" అని రాసి తల అడ్డంగా ఊపేవాడు. రోజుకు పాతికసార్లు రాసుంటాడు. అయినా ఆ తల ఊపు చూసి సేటు "సరే తియ్" అనేవాడు. ఈయన కూడా సరే అనడమేమిట్రా భగవంతుడా అనుకునేవాడు సుందరరామయ్య.

ఎనిమిదో రోజున మూసీని రెండేళ్లలో కొబ్బరినీళ్లలా చేసేస్తారట అని సేటు చదివాడు. సుందరరామయ్య పలక మీద "తప్పు" అని రాశాడు. తల ఇంకా ఊపనేలేదు, సేటు కళ్లు పలక మీదే ఉన్నాయి.

"ఏంది తప్పు?" అని సేటు గయ్యిమన్నాడు. "మూసీ ముచ్చట నీకేం ఎర్క? నువ్వు ఈడికొచ్చిందెప్పుడు, నేను బుట్టిందెప్పుడు? నాకే తప్పులు రాస్తవా?"

ఆ అరుపుకు బిందుమాధవి వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "బాబాయ్, మెల్లగా! నాన్నగారికి ఒంట్లో..."

సుందరరామయ్య కళ్లనిండా నీళ్లతో, లోపలికి పొమ్మని కూతురికి చెయ్యూపాడు. పలక తుడిచి, పెన్ను బిగించి పట్టుకుని, సేటుకు దీటైన జవాబు రాయడం మొదలెట్టాడు.