మూత తీయకూడదు

"ఇది మొగోళ్ళ వంట. నువ్వు పక్కన కూచో," అన్నాడు ఓబుళేసు. పదకొండేళ్ళ కాపురంలో కూచోమన్న మాట గంగక్క మొగుడి నోట వినడం అదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడే ఉంది.

తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీకి వెల్డింగు చేసే ఓబుళేసు, పని మీద బెంగుళూరు పోయి అక్కడ ఒక హోటల్లో పొగతో మాంసం వండే ఈ వింత చూసి వచ్చాడు. పాత డ్రమ్మును శుభ్రంగా కాల్చి అడ్డంగా పడుకోబెట్టి, పక్కన రేకుడబ్బా అతికి, పైన గొట్టం పెట్టాడు. మంట డబ్బాలో, మాంసం డ్రమ్ములో. పొగా సెగా మాత్రమే లోపలికి పోయి మెల్లగా ఉడికిస్తాయట. అంతా పారేసిన ఇనుమే, ఖర్చు లేదు.

పొట్టేలు తొడ లోపల పెట్టి, తుమ్మకట్టెలు డబ్బా నిండా కూరాడు. మంట ఎగిస్తేనే వంట అనుకునే మనిషి. పొగంతా మూత సందుల్లోంచి బయటికే తన్నుకొచ్చింది. తొడ డబ్బా వైపు నల్లబడింది, అవతలి వైపు పచ్చిగానే ఉంది. ఐదు నిమిషాలకోసారి మూత ఎత్తి చూసి, గంటకల్లా విసిగిపోయి "నువ్వు చూసుకో, టీ తాగొస్తా" అని పోయాడు. మొగోళ్ళ వంట అంతటితో ముగిసింది.

గంగక్కకు నవ్వొచ్చింది. కట్టెలు సగం లాగేసి, తొడను తిప్పి పెట్టింది. రాగిపిండి ముద్ద కలిపి మూత చుట్టూ మెత్తింది. అప్పుడు పొగ బుద్ధిగా గొట్టంలోంచి సన్నగా లేచింది. ఆమె కళ్ళలోకి రాలేదు. ఇన్నేళ్ళూ వంటింట్లో కళ్ళు తుడుచుకుంటూ వండిన మనిషికి అది ముందు వింతగా ఉంది, తర్వాత కోపం తెప్పించింది. రోజూ ఇనుము అతికేవాడికి ఇంట్లో పొయ్యికి ఒక గొట్టం పెట్టాలని ఎందుకు తోచలేదు?

ఇక అప్పుడప్పుడు ఒక చిన్న కట్టె వేయడం తప్ప పనేం లేదు. గోడకు ఆనుకుని కాళ్ళు చాపింది. బిడ్డకు పాలిస్తున్నప్పుడు కూడా "ఎంతసేపు కూచుంటావు, నీళ్ళెవురు తెస్తారు" అనే అత్త చౌడమ్మ గుర్తొచ్చింది. అంతలో ఆమే వచ్చింది.

"ఏమ్మే, కాళ్ళు సాపుకోని కూచుండావు?"

"ఈడ కూచోకుంటే మంట చెడ్తాది అత్తా. నీ కొడుకే కూచోమన్యాడు."

"ఏదీ, మూత తీ. చూస్తా."

"తీయకూడదు. సెగ పోయి మళ్ళా మొదటికొస్తాది."

కమ్మని వాసన చౌడమ్మ ముక్కుకు తగిలింది. బిందె తీసుకుని తానే నీళ్ళకు పోయింది.

సాయంత్రం ఎముక నుంచి మాంసం దానంతటదే ఊడొచ్చింది. "నా డ్రమ్ము ఎట్లుండాది?" అని ఓబుళేసు వీధంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనీలే అనుకుని గంగక్క ఇంకో ముక్క వడ్డించుకుంది.

పై ఆదివారం పొద్దున్నే తనే తొడ లోపల పెట్టి, మంట అంటించి కూర్చుంది. పొద్దు వాలాక ఆకలేసి ఓబుళేసు వచ్చాడు.

"అయిందా?"

"యాడప్పా, ఇంకా శానాసేపు పడ్తాది. అంతలోకి ఇట్లాంటి గొట్టమే వంటింట్లో పొయ్యికీ పెట్టుపో."

అతను గొట్టం వెతుక్కుంటూ పోయాడు. నిజానికి తొడ ఎప్పుడో ఉడికిపోయింది. గంగక్క కాళ్ళు ఇంకాస్త చాపుకుంది.