తొంభై రోజుల మాట

నలభై రోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. క్లాసులో చాక్‌పీసు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే వెనక బెంచీ వాళ్లు నవ్వుతున్నారు. నవ్వుకోనీ. వాళ్ల అక్కల నడుముకి ఆ పెట్టె లేదు కదా.

మా అక్కకి ఉంది. చక్కెర జబ్బు మనిషి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పంపు ఒకటి ఆమె నడుముకి అంటుకుని రోజంతా ఇన్సులిన్ ఎక్కిస్తూ ఉంటుంది. రిమోట్ నొక్కితే చాలు, భోజనానికి సరిపడా మోతాదు లోపలికి వెళ్తుంది. ఇలాంటి వైర్‌లెస్ పరికరాలకి తాళాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడమే నా పరిశోధన. ఈ పంపుకి అసలు తాళమే లేదు. రిమోట్ పంపిన సంకేతాన్ని మా ల్యాబ్‌లో పట్టుకుని మళ్లీ వదిలితే, బల్ల మీది పంపు కిమ్మనకుండా రెండోసారి మందు ఒలకబోసింది. మనిషి ఒంట్లోకి అలా వెళ్తే కళ్లు తిరిగి పడిపోతారు, ప్రాణం కూడా పోవచ్చు.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. లోపం కనపడితే ముందు తయారుచేసిన వాళ్లకి చెప్పి, సరిచేసుకోవడానికి తొంభై రోజులు ఆగాలి. ఈలోగా బయటపెడితే దొంగకి దారి చూపించినట్టే. ఏటా పిల్లలకి బల్ల గుద్ది చెప్పేదాన్ని. కంపెనీకి రాసి నలభై రోజులైంది, ఇప్పుడది నా గొంతుకే అడ్డం పడింది.

నలభై ఒకటో రోజు పొద్దున్నే అక్క కుట్టు దుకాణానికి వెళ్లాను.

"పంపు సెట్టింగుల్లో ఆ రిమోట్ ఆపేసెయ్ అక్కా. పంపు మీద బటన్లున్నాయిగా, అవి నొక్కుకో. బ్యాటరీ ఎక్కువ రోజులొస్తుంది."

అక్క మిషను తొక్కడం ఆపింది. "బ్యాటరీ కోసం క్లాసు ఎగ్గొట్టి వచ్చావా? నా దగ్గరా నీ వేషాలు?"

పంపులో లోపం ఉందని కక్కేశాను. సిగ్గేసింది, హాయిగానూ అనిపించింది. అక్క వెంటనే పంపులో రిమోట్ ఆపేసింది. ఆ తర్వాత నన్ను పట్టుకుంది.

"క్లినిక్‌లో నా పక్కన కూర్చునే బస్సు డ్రైవర్‌కీ ఇదే పంపు. ఆయనకి చెప్పావా?"

"చెప్పకూడదక్కా. ఇంకా నలభై తొమ్మిది రోజులు ఆగాలి."

"నీ అక్కని కాబట్టి నేను బతకాలి, ఆయన నీకేమీ కాడు కాబట్టి చావాలా?"

"నీకు అర్థం కాదు! లోపం బయటికి పొక్కితే..."

"లోపం గురించి ఎవరడిగారే? అదేంటో నాకిప్పటికీ తెలీదు. రిమోట్ ఆపమన్నావు, ఆపాను. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

ఇంత చదివిన బుర్రకి నలభై రోజులుగా తట్టని సంగతి. దారి దాచమన్నారు గానీ, జాగ్రత్త చెప్పొద్దని ఎవరూ అనలేదు. రెండూ ఒకటేనని నేనే ముడేసుకుని కూర్చున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

అక్క అప్పటికే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆ చిన్న దుకాణంలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను. అక్క మళ్లీ కలిపింది.

"చెప్పక్కా," అంది చివరికి ఓ గొంతు. వెనక జనం గోల. "బస్టాండ్‌లో ఉన్నా. బస్సు నిండిపోయింది, రెండు నిమిషాల్లో తీయాలి."

అక్క ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అన్నా, బస్సు తీయకండి," అన్నాను. "ముందు మీ నడుముకున్న పంపులో రిమోట్ ఆపేయండి."