అమ్మమ్మ రంగు

వరలక్ష్మి సంవత్సరీకం ఆదివారం. గురువారం సాయంత్రం ఆమె కూతురు బిందుమాధవి వాట్‌ఫర్డ్ నుంచి లండన్‌లో హౌన్స్‌లో అనే పేటలో ఉన్న, తెలిసిన ఫొటోగ్రాఫర్ చలపతి ఇంటికి వచ్చింది, ఆరేళ్ల కూతురు అపూర్వను వెంటబెట్టుకుని. చేతిలో తల్లి ఫొటో ఉంది. తీసింది చలపతే. వారమంతా అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శని ఆదివారాలు తెలుగువాళ్ల ఫంక్షన్లకు ఫొటోలు తీస్తాడు.

"అన్నయ్యా, ఈ ఫొటో చూపిస్తే అమ్మమ్మ కాదంటోంది అపూర్వ," అంది బిందుమాధవి.

"దట్స్ నాట్ హర్," అంది అపూర్వ. "అమ్మమ్మ వాజ్ బ్రౌన్."

చలపతి ఫొటో చూశాడు. అందులో వరలక్ష్మిది లేత గోధుమరంగు. నిజానికి మనిషి నలుపు.

"దండ వేసే ఫొటోలో అమ్మ రంగు అమ్మకుండాలి. నేనడిగేది అంతే. ఫోన్లో ఒక్కటీ లేదు. ఫోనెత్తితే చెయ్యి అడ్డం పెట్టేది, నీకు తెలుసుగా. ముఖం చూపించింది నీ కెమెరాకే."

కెమెరా రాసుకునే అసలు ఫైలును రా ఫైలంటారు. దాన్ని కంప్యూటర్‌లోకి దించేటప్పుడు ఏ మార్పులు చేయాలో సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పి పెట్టుకోవచ్చు. చలపతి చెప్పి పెట్టుకున్నాడు: వెలుతురు పెంచాలి, చర్మం తెల్లబరచాలి, ముడతలు తగ్గించాలి. అయిదేళ్లుగా ప్రతి ఫొటో ఆ సెట్టింగ్‌తోనే తెరుచుకుంటోంది. రా ఫైలు ఉంటే ఆ మార్పులను ఒక్క నొక్కుతో తీసేయొచ్చు. కానీ ఆల్బమ్ ఇచ్చిన నెలకు అతను రా ఫైళ్లు చెరిపేస్తాడు. డిస్కులో చోటు చాలదు.

"అసలువి లేవా?"

"లేవమ్మా."

"దీన్నే నల్లగా చెయ్యలేవా?"

చేశాడు. ముఖం బూడిదరంగుకు తిరిగింది. ఎరుపు కలిపాడు, ఇటుకరంగు అయింది. ముడతలు తిరిగి రాలేదు. నలభై నిమిషాలు ప్రయత్నించాడు. అపూర్వ ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది.

"ఆ సెట్టింగ్ పెట్టమని నీకెవరు చెప్పారన్నయ్యా?"

చలపతి మౌస్ వదిలేశాడు. "మీ అమ్మగారే."

అయిదేళ్ల కిందట బిందుమాధవి ఇంటి గృహప్రవేశం ఆల్బమ్‌ను అతను కెమెరా తీసినట్టే ఇచ్చాడు. వరలక్ష్మి మొదటి పేజీ తిప్పి, "ఏమబ్బాయ్, నన్ను పెనం మీద మాడ్చి తీశావా?" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆల్బమ్ మూసి అతని చేతిలో పెట్టింది. మర్నాడు చలపతి సెట్టింగ్ పెట్టి, ఫొటోలన్నీ మళ్లీ దించి, కొత్త ఆల్బమ్ అచ్చు వేయించాడు. పాతది రీసైక్లింగ్ బిన్‌లో వేశాడు. కొత్తది చూసి ఆమె, "ఇప్పుడు బాగుంది," అంది. సెట్టింగ్ అలాగే ఉండిపోయింది. తీయమని ఎవరూ అడగలేదు.

"ఆ రోజు నేనూ నవ్వాను," అంది బిందుమాధవి.

చలపతి కెమెరా సంచి బోర్లించాడు. పాత మెమరీ కార్డులు నాలుగు దొరికాయి. మూడు ఖాళీ. నాలుగోదాంట్లో ఒకే ఒక్క రా ఫైలు ఉంది. గృహప్రవేశం రోజు లైటు సరిచూసుకోవడానికి తీసింది. తెరిచి, సెట్టింగ్ తీసేశాడు. వరలక్ష్మి ముఖానికి ముంజేయి అడ్డం పెట్టుకుని ఉంది. చెయ్యి, గాజులు, చీర కొంగు కనిపిస్తున్నాయి.

"దట్స్ హర్," అంది అపూర్వ.

"ముఖం ఉన్నది మరొకటి లేదా?"

"ఇదొక్కటేనమ్మా."

బిందుమాధవి దాన్నే ప్రింటు తీసి ఇమ్మంది.

వాళ్లు వెళ్లాక చలపతి ఆ సెట్టింగ్ పేజీ తెరిచాడు. ఫోన్ మోగింది. శనివారం కూతురి ఓణీల ఫంక్షన్ ఉన్న పుష్పలీల మెసేజ్: 'చలపతి గారూ, పాప కొంచెం తెల్లగా వచ్చేలా చూడండి.' ఏమీ మార్చకుండానే పేజీ మూసేశాడు.

చేతి ఫొటోకు దండ వేయరని పెద్దవాళ్లన్నారు. బిందుమాధవి దాన్ని బీరువాలో పెట్టింది. ఆదివారం దండ ఆ లేత గోధుమరంగు ముఖానికే పడింది. అమ్మమ్మకు దణ్ణం పెట్టుకోమన్నారు. అపూర్వ ఫొటో వైపు చూసి, తల్లి వైపు చూసి, పెట్టమన్నారు కాబట్టి పెట్టింది.