మూడవ బోరులోని బొట్టు

నిలువుడు పఠితలారా! చేతిలోని పనిని ఒక్క క్షణము ప్రక్కన నుంచి చెవియొగ్గి వినుడు.

మృగశిర కార్తె ప్రవేశించిన మూడవనాటి ప్రభాతమున రాత్రి కురిసిన తొలివానకు తడిసి మదగజదేహమువలె నిగనిగలాడుచు ఆవిరులు గ్రక్కుచున్న కుందూతీరపు నల్లరేగడి నేలలయందు పదును ఆరకమునుపే విత్తు పడవలెనను ఆతురతచే కనుచూపుమేర ట్రాక్టర్లు ఘర్ఘరధ్వానములతో దిశలు మారుమ్రోగించుచుండ ఒక్క ట్రాక్టరు మాత్రము ఊరిచివర రేకులషెడ్డులో గుండె తీసి నేలపై నుంచిన వీరునివలె నిశ్శబ్దమై నిలిచియుండెను.

అది ఓబుళరెడ్డి ట్రాక్టరు. వయస్సు ముప్పదియైదేండ్లు. ఆ షెడ్డునకు యజమానురాలు దూదేకుల కాశింబీ. మెకానిక్కు చిన్నమస్తాను కూతురై తండ్రి గతించిన పిమ్మట రెండేండ్లుగా పంక్చర్లతోను బ్రేకులతోను కాలము పుచ్చుచున్న యా యిరువదియేడేండ్ల వనితకు సంపూర్ణముగా విప్పి కట్టుటకు దొరకిన మొట్టమొదటి ఇంజను అదియే. అది చెడెనేని ఆ షెడ్డు గడపకు మరల నెవ్వడును ఒక బోల్టునైనను తీసికొనిరాడని ఆమె యెరుగును. ఊరును ఎరుగును. అందులకే కాబోలు ఊరిలో సగముమంది గుమ్మముకడ మూగియుండిరి.

ఇంజను దిమ్మెలో పిస్టను ఎక్కిదిగుటకై నిలుపు నునుపైన ఇనుపగొట్టమే లైనరు. అది దిగు రంధ్రమే బోరు. దాని మెడ దిమ్మెలోని యొక సన్నని మెట్టుపై ఆనుకొని యుండును. వెలుపల నీరు పారి దానిని చల్లార్చును. దాని యంచు దిమ్మె పైతలముకంటె పలుచని కాగితమంత మాత్రమే ఎత్తుగా నిలువవలెను. ఒకవైపు అంతకు మించెనేని హెడ్డను పైమూతక్రింది గ్యాస్కెట్టుపొర చెడి నీరు నూనెలో గలిసి ఇంజను నశించును. కావున కాశింబీ నీరు కారకుండ లైనర్ల అడుగున తొడిగిన రబ్బరు ఉంగరములకు సబ్బునీరు రాచి సుత్తి ముట్టక రెండరచేతులతో నొక్కి మూడు లైనర్లను దింపి సూటియైన ఉక్కుపట్టెను అడ్డముగా నుంచి గేజురేకుతో కొలువసాగెను. మొదటిది సరిపోయెను. రెండవది సరిపోయెను. మూడవది ఒకప్రక్క నాలుగు కాగితముల ఎత్తున నిలిచెను!

కారణ మామెకు తత్క్షణమే తెలిసెను. లైనర్లు దిగకముందు బండి యజమాని బోరు బోరునకు పసుపుకుంకుమల బొట్టు పెట్టుట ఆ సీమ ఆచారము. క్రిందటి సాయంకాలము ఓబుళరెడ్డి మూడవ బోరులో సరిగా మెట్టుపైననే బొట్టు పెట్టెను. అందంటిన అక్షింతగింజతోగూడ నది రాత్రికి రాత్రి గట్టిపడెను. ఉదయమున కాశింబీ దానిని చూచెను. చూచియు పుణ్యచిహ్నమును తుడుచుటకు చేయి రాక దానిపైననే లైనరు దింపెను. తప్పు తనదే.

"ఏమ్మే పాపా, ఇంగా ఎంతసేపు కొలుస్తావు? పెండ్లికూతురికి గాజులు కొలిసినట్టు! ఆడ పదును ఆరిపోతాంది" అని ఓబుళరెడ్డి యరచెను.

"మూడోది ఎత్తుగా ఉండాది మామా. తీయాల."

పాతటైరుపై ఆసీనుడై పొగాకు నములుచున్న వృద్ధ మెకానిక్కు వీరాచారి పకపక నవ్వెను. "తీసేదేంది మే! ఆ నా సుత్తి ఇట్లియ్యి. రెండు దెబ్బలేస్తే కూకుంటాది. మిగిలింది హెడ్డు బిగిస్తే అదే అణుగుతాది. ముప్పై ఏండ్లుగా నేను చేసేది అదే."

"అందుకే తాతా, నువ్వు చేసిన ఇంజన్లన్నీ రెండేండ్లకోసారి పుట్టింటికొచ్చినట్టు నీ షెడ్డుకే వస్తాండేది!"

జనము గొల్లుమనెను. కాని ఆమె తదుపరి మాటతో నవ్వులన్నియు నణగిపోయెను.

"లైనరు బొట్టుమీద కూకోనుండాది మామా. బొట్టు తుడవాల."

ఓబుళరెడ్డి ముఖము జేవురించెను. "విత్తనమేసే పొద్దు నా బండికి బొట్టు తుడుస్తావా? చెయ్యేసినావంటే బండిని ఇప్పుడే ఆచారి షెడ్డుకు లాక్కపోతా. మళ్ళా ఈ గడప తొక్కను, చూసుకో!"

కాశింబీ చేతులు నూనెగుడ్డకు తుడిచికొని తల యెత్తి పలికెను.

"పో మామా, యాడికన్నా లాక్కపో. కానీ తప్పని తెలిసినాంక నా చేత్తో మూసేది లేదు. చేనిమధ్యలో నీళ్ళూ నూనే కలిసి బండి నిలబడిపోతే ఆ బొట్టొచ్చి తోస్తాదా?"

అని ప్రత్యుత్తరమునకు నిలువక లైనరును పైకి లాగి మెట్టుపై నంటిన పసుపుపెళ్లను ఇత్తడిరేకుతో గీకి డీజిలుగుడ్డతో తుడిచి వ్రేలికొనతో చుట్టును తడిమి చూచి నలిగిన ఉంగరములను పారవైచి క్రొత్తవి తొడిగి మరల దింపెను. కొలిచెను. ఒక్క కాగితము!

అంతటితో నామె యాగలేదు. దిమ్మెలోనికి నీరు పోసి క్రింద పాతవార్తాపత్రిక పరచి "గంటసేపు చూడాల. చుక్క పడిందా, మళ్ళా తీస్తా" అనెను.

ఓబుళరెడ్డి రోడ్డుమీదికి పోయి లాగుకొనిపోవుటకు బండి దొరకునేమోయని చూచెను. ఊరి బండ్లన్నియు చేలలోనుండెను. గొణుగుకొనుచు తిరిగివచ్చి చతికిలబడెను. గంట గడచెను. పత్రిక పొడిగానే యుండెను. వీరాచారి వంగి లైనరంచును వ్రేలితో నొకసారి నిమిరి సుత్తిని సంచిలో వైచికొని పోయెను.

ఓబుళరెడ్డి కుంకుమభరిణె తీసి చాలసేపు చేతిలో త్రిప్పి "యాడ పెట్టాల?" అని యడిగెను.

ఆమె దిమ్మె వెలుపలిభాగమును చూపెను. "ఈడ పెట్టుకో మామా. పళ్ళెమంత పెట్టుకున్నా నేనడగను."

మరునాటి సూర్యోదయమున నా ట్రాక్టరు నల్లరేగడిని చీల్చుచు సాగెను. ఓబుళరెడ్డి మిట్టచేను మాత్రము అప్పటికే పదును ఆరిపోయి రెండవవానదాక బీడుగా నుండెను. ఆ మాట ఓబుళరెడ్డి నేటికిని దెప్పుచుండును. దెప్పుచునే ప్రతివత్సరము బండిని కాశింబీ షెడ్డునకే తోలుకొనివచ్చుచుండును.

పఠితలారా! వెనుక పదును ఆరుచుండ, ముందు ఊరంతయు చూచుచుండ, తప్పు మీదేయని మీ యొక్కరికే తెలిసియుండ, ఆ బొట్టు మీ వ్రేలిక్రింద నుండినచో మీరేమి చేసియుందురు?