సారక్క కొట్టి చూసి కొన్న బైబిలు

సంఘ పెద్దలారా, ఆ తప్పు మీదే. కొత్తగా అక్షరాలు నేర్చుకున్న ఆడమనిషి చేతిలో ఆమెకు అర్థమయ్యే పుస్తకం కనపడగానే గుంజుకోవాలని చూసింది మీరే. దేవుని మాట అందరికీ అని ప్రార్థన గుడి గోడ మీద ఎర్ర రంగుతో రాయించిందీ మీరే. దేన్ని నమ్మమంటారు? గోడనా, మీ చేతులనా?

ఇది బెల్లంపల్లిలో ఈ ఏడే, ఎనభై నాలుగులోనే జరిగింది. సారక్క భర్త ఇస్తారి బొగ్గుబావిలో టబ్బులు నింపే ఫిల్లరు. నలభై దాటాక సారక్క వయోజన విద్య కేంద్రంలో చేరి చదవడం నేర్చుకుంది. ఒక్కందుకే నేర్చుకుంది: బైబిలు తానే చదవాలి. అప్పటిదాకా అందులో ఏముందో ఇతరులే చెప్పారు. పాస్టరుగారు ఒకటి చెబితే మొగుడు ఇంకొకటి చెబుతాడు. "నా కండ్లతోని నేను సూసుకుంటె తెలుస్తది గద" అనేది.

తీరా ఇంట్లో ఉన్న పాత బైబిలు తెరిస్తే చదవడం వచ్చింది, అర్థం కాలేదు. అక్షరాలు చీమల బారు. ఒక్కో వాక్యం బొగ్గు రైలంత పొడుగు. చివరి పెట్టె దాటేసరికి ఇంజను సంగతే మరిచిపోతాం. తన తలకాయే మొద్దు అనుకుంది సారక్క. నాకు మండేది అక్కడే. పుస్తకం అర్థం కాకపోతే తప్పు చదివినవాళ్లదే అని ఈ జనానికి నేర్పిందెవరు?

మొన్నటి ఎండాకాలం లక్సెట్టిపేటలో సువార్త సభలు జరిగాయి. సారక్క పక్కింటి ఎల్లక్కను వెంటబెట్టుకుని పోయింది. ఎల్లక్కకు చదువు రాదు, నోరు మాత్రం నాలుగు ఊళ్లకు సరిపోతుంది. పుస్తకాల దుకాణంలో పాత అనువాదమూ ఉంది, వాడుక మాటల్లో కొత్తగా చేసిన అనువాదమూ ఉంది. సారక్క చాప మీద చతికిలబడి, ఇల్లు విడిచి పోయిన కొడుకు కథ రెండింట్లోనూ తీయించింది. ముందు పాతది చదివి, మూసి, "ఏం సమజైంది చెప్పు" అంది ఎల్లక్కతో.

"ఎవలో యాడికో పోయిండు."

కొత్తది చదివి మళ్లీ అడిగింది. ఎల్లక్క కథంతా చెప్పింది, చెప్పి ఊరుకోలేదు. "పంది మేత తినేదాంక బుద్ధి రాలేదా గానికి? తండ్రి మంచోడు గాబట్టి సరిపాయె. నేనైతె చీపురు పట్టుకొని నిలవడుదు!"

దుకాణం ఆయనకు విసుగొచ్చింది. "అవ్వా, కొంటవా, ఈడనే మొత్తం సదివి పోతవా?"

"కుండ కొన్నా కొట్టి సూస్తం గద నాయినా. గిది బతుకంత సదివేది, కొట్టి సూడొద్దా? జర పెద్ద అక్షరాలది తియ్యి."

అలా కొత్త బైబిలు బెల్లంపల్లికి వచ్చింది. రోజూ వంట కాగానే సారక్క ఒక కథ చదివేది, నల్లా దగ్గర ఎల్లక్కకు చెప్పేది. బిందెలు నిండిపోయినా ఆడవాళ్లు కదిలేవాళ్లు కాదు. ఆడవాళ్ల ప్రార్థన కూటంలో కూడా అదే చదివేది.

కొమురెల్లికి ఈ సంగతి తెలిసింది. ఆయన రిటైరైన మేస్త్రీ, సంఘానికి కార్యదర్శి. బైబిళ్లుండే గుడి బీరువా తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉంటుంది.

"గిది దేవుని మాట గాదు సారక్కా, ముచ్చట. గిట్ల మనం నల్లకాడ మాట్లాడుకుంటం."

"మరి దేవుడు నల్లకాడికి రాడా మామా?"

"నోరెక్కువైంది నీకు. గా పుస్తకం కొన్నకాడ వాపసియ్యి. లేకుంటె ఆడోళ్ల ప్రార్థన కూటంల నువ్వు సదివేది లేదు."

సారక్క ముఖం నల్లబడింది. వాపసిస్తే మళ్లీ ఆ బొగ్గు రైలే గతి. చదువు అంతటితో ఆగిపోతుంది. ఇవ్వకపోతే కూటంలో చదవనివ్వరు. ఆ రోజే పాస్టరు పరంజ్యోతిగారి దగ్గరికి పోయింది. ఆయనది గుంటూరు వైపు. కొత్త పుస్తకాన్ని తిరగేసి చూశాడు.

"మా నాన్నగారు పాతదే చదివేవారమ్మా. ఆ గాంభీర్యం దీనికి రాదు" అన్నాడు. ఆ మాటా నిజమే, కాదనను. "సరే, ఆదివారం ఒకే కథ ఇద్దరం చదువుదాం. నేను పాతది, నువ్వు కొత్తది. జనానికి ఏది అందుతుందో చూద్దాం. పాతదే అందితే ఇది వెనక్కి ఇచ్చెయ్యాలి. ఒప్పుకుంటావా?"

సారక్క ఒప్పుకుంది. ఇస్తారితో పాటు బావిలో పనిచేసేవాణ్ని, అతను రమ్మంటే నేనూ పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాను.

ద్రాక్షతోట కూలీల కథ. పరంజ్యోతిగారు పాతది చదివాడు. మంచి గొంతు, పాట పాడినట్టే ఉంది. చదవడం అయ్యాక "ఏం అర్థమైంది?" అని అడిగాడు. కొందరు కప్పు కేసి చూశారు, కొందరు కాళ్ల కేసి.

ఎల్లక్క జాలిపడింది. "మస్తు సదివిండ్రు అయ్యగారూ!"

అందరూ నవ్వారు, ఆయన కూడా. తర్వాత సారక్క లేచింది. వేలు వరుస మీద పెట్టి, కూడబలుక్కుని చదివింది. తోట యజమాని పొద్దున్నే కొందరిని కూలికి పిలిచాడు, మధ్యాహ్నం కొందరిని, సాయంత్రం పని ముగియబోతుండగా ఇంకొందరిని. పొద్దు గూకినాక అందరికీ ఒకటే కూలి ఇచ్చాడు.

"ఆగాగు!" ఇస్తారి లేచి నిలబడ్డాడు. "పొద్దటి సంది చెమట కార్చినోనికీ, మాపటికి వచ్చినోనికీ ఒక్కటే కూలా? గిదేం లెక్క?"

"ఇగ యూనియనెందుకు?" అన్నాడు ఇంకొకడు.

అందరికంటే గట్టిగా అరిచింది కొమురెల్లి. "గది న్యాయమెట్లయితది? బతుకంత మొదటి షిఫ్టు చేసిన నేను! ఆఖరుకు వచ్చినోడు నాతోని సమానమా?"

"అవ్వో! పెద్దాయినకు గుడ సమజైంది!" అంది ఎల్లక్క. గుడంతా గొల్లున నవ్వింది.

ఆ నవ్వుల్లో ముత్యం లేచాడు. బదిలీ ఫిల్లరు, అంటే ఎవరైనా పనికి రాకపోతేనే పని దొరికేవాడు. గుడిలో ఎన్నడూ నోరు విప్పినవాడు కాదు.

"పొద్దుగాల్నే పోయి బాయికాడ నిలవడత. పేరు పిలుస్తరేమో అని సూస్త. పిలువరు. నేను ఒళ్లు దాసుకున్ననా? గా మాపటికి వచ్చినోణ్ని నేనే. ఆనికి గుడ పిల్లలుంటరు గద మామా."

కొమురెల్లి మొలతాడుకున్న తాళంచెవి సర్దుకుని కూర్చున్నాడు.

పరంజ్యోతిగారు పాత బైబిలు మెల్లగా మూశాడు. "ఏటేటా ఈ కథ మీద ప్రసంగం చేస్తున్నాను. ఒక్కరూ నాతో పోట్లాడలేదు. వింటున్నారనుకున్నాను." సారక్క వైపు తిరిగాడు. "పుస్తకం ఉంచుకో అమ్మా. కూటంలో నువ్వే చదువు."

సారక్క ఆ బైబిలును గుండెకు హత్తుకున్న తీరు నేను చూశాను. బయట మర్రోజు దాకా ఆ కూలి పంచాయితీ తెగలేదు. ఛాయ్ దుకాణంలో కూడా అదే గొడవ.

కానీ కొమురెల్లి మామా, నీ బీరువా ఇంకా తాళం వేసే ఉంది. అందులో పాతవే ఉన్నాయి. సారక్కను చూసి నల్లా దగ్గర ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతున్నారు. వాళ్ల చేతికి ఏమిస్తావు, మళ్లీ బొగ్గు రైలేనా? ఆ తాళం తీయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన బల్ల మీద పెట్టు. కొట్టి చూసి తీసుకోనియ్యి. వచ్చే ఆదివారం కాదు, ఇవాళే.