పందొమ్మిది మంది కూర్చున్నారు

డ్రైవర్ చెయ్యి వణకడం నేను చూశాను. మెడికల్ బోర్డు హాలు బయట, బెంచీ మీద, సైన్యంలో వచ్చిన వణుకును గుర్తించమని అతను పెట్టుకున్న రెండో అప్పీలు నాడు. అక్కడ టీ అమ్మే ఆమె అతనికి సగం గ్లాసే పోసింది. ఒలకకుండా తాగాక, అడక్కుండానే మిగతా సగం పోసింది.

పావుగంట తర్వాత హాల్లో బంట్రోతు "అటెన్షన్" అని అరిచాడు. డ్రైవర్ లేచాడు. మడమలు కలిశాయి. చేతులు ప్యాంటు కుట్టుకు అతుక్కున్నాయి. ఛైర్మన్ కళ్లజోడు పైనుంచి ఆ కుడిచేతినే చూశాడు. అది కదల్లేదు.

"నిటారుగా నిలబడ్డాడు. వణుకు లేదు. అప్పీలు కొట్టివేయడమైనది," అని టైపు చేయించాడు.

కాగితాల కట్టతో వెనక నిల్చున్న నాకు ఛైర్మన్‌కు కనబడనిది కనబడింది. డ్రైవర్ చొక్కా వీపంతా తడిసి ముద్దయింది. గడప దాటగానే అతను బెంచీ మీద కూలబడ్డాడు. చెయ్యి గట్టున పడ్డ చేపలా ఎగిరింది.

ఇక మిగిలింది ఒక్క అప్పీలు. అదీ పోతే ఫైలు మూసేస్తారు. ఫైలుతో పాటే సైనికాసుపత్రి తలుపూ మూసుకుంటుంది. అతనికి వణుకుతో పాటు మూర్ఛలు వస్తున్నాయి. ఆ జబ్బు తెలిసిన డాక్టర్లు ఆ ఆసుపత్రిలోనే ఉన్నారు.

నేను మాజీ సైనికుల న్యాయ సహాయ కేంద్రంలో టైపిస్టుని. నా భార్య పోయాక ఇంట్లో గడియారం చప్పుడు మరీ పెద్దదైపోయింది. కేంద్రం నడిపే లాయరమ్మ పిలిచి ఒక కుర్చీ, ఒక టైపు మిషను చూపించింది. సైకిల్ షాపు పైన రెండు గదులు. మా దగ్గరికి వచ్చేవాళ్లు డ్రైవర్‌తో కలిపి పందొమ్మిది మంది, అంతా మందుపాతరలు తీసిన ఒకే దళం. పేలుళ్లు ఒకరికి చేతిలో, ఒకరికి మెడలో, ఒకరికి దవడలో వణుకు మిగిల్చాయి. ఆ వారం వాళ్ల తీర్పుల నకళ్లు తీస్తుంటే గమనించాను. అన్నింట్లోనూ అదే వాక్యం: నిటారుగా నిలబడ్డాడు, వణుకు లేదు.

లాయరమ్మ అందర్నీ కూర్చోబెట్టి ఆ నకళ్లు చదివింది.

"మీ జబ్బు వాళ్లకు తెలుసు. మీ అలవాటూ తెలుసు. అందుకే ముందు ఆ కేక వేయిస్తున్నారు."

"ఇంట్లో ముద్ద నోటికి చేరదు," అంది డ్రైవర్ భార్య. "నేను లెమ్మంటే లేవడు. వాడెవడో అరిస్తే మాత్రం గడకర్రలా లేస్తాడు."

అందరూ నవ్వారు. నవ్వనిది డ్రిల్లు మాస్టారొక్కరే. ఆ దళానికంతటికీ కవాతు నేర్పింది ఆయనే. పేలుడు తర్వాత ఆయన తల ఎప్పుడూ కాదు, కాదు అన్నట్టు అడ్డంగా ఊగుతుంటుంది.

"అంటే, ఆర్డరిస్తే కూర్చోమంటారా? సైన్యంలో దాన్ని తిరుగుబాటంటారు."

"మీరిప్పుడు సిపాయిలు కారు మాస్టారూ," అంది లాయరమ్మ.

"ఆ ముక్క నా ఒంటికి చెప్పండి మేడమ్. వింటుందేమో చూద్దాం."

డ్రైవర్ తన చెయ్యి ముందుకు చాపాడు. "దీనికి నేర్పింది మీరు మాస్టారూ. మరిపించాల్సిందీ మీరే. ఇంకొక్కసారి లేచి నిలబడ్డానంటే నా పని అయిపోయినట్టే."

మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్లారు. కింద ఒక బూడిదరంగు వ్యాను వారం రోజులుగా అక్కడే ఉంటోంది. అద్దం దించుకుని ఒకతను మా మెట్లెక్కేవాళ్ల ఫొటోలు తీస్తున్నాడు. గదులు ఖాళీ చెయ్యమని ఇంటి యజమానులు ముందురోజే చెప్పిపోయారు.

"మనం నిలబడితే వీళ్లకు భయం లేదన్నమాట," అన్నారాయన. "రేపు పొద్దున్నే అందరూ రండి."

మర్నాడు ఆయన మెట్ల మీద నిల్చుని కేక వేశారు. పద్దెనిమిది మందీ స్ప్రింగుల్లా లేచారు. మళ్లీ వేశారు. మళ్లీ లేచారు. ఒకాయన ఏడ్చాడు. ఎవరికి వాళ్లు ఎంత బిగబట్టుకున్నా ఒళ్లు వినలేదు. మూడో రోజు మాస్టారు అన్నారు: "ఎవడి మోకాలు వాడు పట్టుకోవద్దురా. పక్కవాడి మోకాలి మీద చెయ్యి వెయ్యండి. వాడు లేవబోతే నొక్కండి." తొమ్మిదో రోజుకు ఎవరూ లేవలేదు.

డ్రైవర్ ఆఖరి అప్పీలు విచారణ నాడు బూడిదరంగు వ్యాను మాకంటే ముందే బోర్డు గేటు దగ్గరుంది. ఈసారి రెండోది కూడా.

"ఇవాళ అందరికీ సగమేనా?" అన్నాడు డ్రైవర్, టీ ఆమెతో.

"మిగతా సగం బయటికొచ్చాక తాగుదురు గాని అన్నా. పోస్తాగా."

హాల్లో డ్రైవర్, సాక్షులుగా వచ్చిన మిగతావాళ్లు, మొత్తం పందొమ్మిది మందీ రెండు బెంచీల మీద సర్దుకున్నారు. బంట్రోతు అరిచాడు. బెంచీలు కిర్రుమన్నాయి. చేతులు మోకాళ్లను నొక్కాయి. ఎవరూ లేవలేదు. అప్పుడు వణుకు కనబడింది. చేతులు, మెడలు, దవడలు. బెంచీలే వణికాయి.

"నిలబడండి," అన్నాడు ఛైర్మన్.

"అప్పీలుదారు కుడిచెయ్యి వణుకుతోంది. రికార్డులో రాయండి," అంది లాయరమ్మ.

"ఏమీ రాయొద్దు."

బోర్డు టైపిస్టు, నా వయసావిడే, ఒక్క క్షణం ఆగింది. తర్వాత తల ఎత్తకుండా ఒక పంక్తి కొట్టింది. మిషను చప్పుడు నాకు తెలుసు. అది పూర్తి వాక్యం. కార్బన్ నకలు బల్ల అంచున, లాయరమ్మ చేతికి అందేలా పెట్టింది.

ఛైర్మన్ విచారణ వాయిదా వేసి గంట కొట్టాడు. పోలీసులు లోపలికొచ్చి నేరుగా మాస్టారి దగ్గరికెళ్లారు. సైనికులను రెచ్చగొట్టారట.

"లే."

"నేర్పింది మరిచిపోయానయ్యా," అన్నారు మాస్టారు.

నలుగురు కలిసి ఆయన్ని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎత్తుకుపోయారు. తల అడ్డంగా ఊగుతూనే ఉంది. కాదు, కాదు. బయట టీ ఆమె ఆయన మిగతా సగం గ్లాసు పోసి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున స్టేషన్ ముందు రోడ్డు మీద పద్దెనిమిది మందీ కూర్చున్నారు. డ్రైవర్ భార్య వచ్చింది. సైకిల్ షాపు మేస్త్రీ కొట్టు కట్టేసి వచ్చాడు. మేం గోడకు అంటించిన ఆ కార్బన్ నకలు చదివిన కాలేజీ పిల్లలు వచ్చారు. ఇన్‌స్పెక్టర్ అరుగు మీదికొచ్చి లేవమన్నాడు. వెనక మూడో వ్యాను వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. లాఠీలు దిగాయి.

నా కాళ్లు లేవబోయాయి. డ్రైవర్ చెయ్యి నా మోకాలి మీద పడింది. అది వణుకుతూనే నొక్కింది. నేను మేస్త్రీ మోకాలి మీద చెయ్యి వేశాను.