పార్టీ గెలిచిన ఉదయం

స్కాట్లాండ్ వేరే దేశం కావాలని బ్రిటన్ పార్లమెంటులో పదేళ్లు వాదించి, తన ఆఖరి ఎన్నికలో ఓడిన యూవన్ మెక్రే, 2015 మేలో అమెరికాలోని నోవైలో కూతురి ఇంట్లో ఉన్నాడు. ఒక ఉదయం టీవీలో బ్రిటన్ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. స్కాట్లాండ్‌లో దాదాపు అన్ని సీట్లూ ఆయన పార్టీకే దక్కాయి.

కూతురు ఆఫీసుకి వెళ్లిపోయింది. అభినందించడానికి పార్టీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఎత్తిన అమ్మాయి ఆయన పేరు రెండుసార్లు అడిగి, లైన్లో ఉండమని చెప్పి మర్చిపోయింది.

ఆయన బయటికొచ్చి పక్కింటి డాక్టర్ సుభద్రతో, "మేం గెలిచాం" అన్నాడు.

"ఏ గేమ్ అండీ?"

"ఎలక్షన్. నా రోజుల్లో పార్లమెంటులో మేమంతా ఒక్క బెంచీలో పట్టేవాళ్లం."

"కంగ్రాట్స్! ఆ ఫ్రెండ్స్‌కి కాల్ చేశారా?"

"అందరూ పోయారు."

సుభద్ర నవ్వు ఆపేసింది. "లోపలికి రండి, కాఫీ పెడతాను. వాళ్ల గురించి చెప్పండి."

ఆయన మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నాడు.